పాత దారి మీది గ్యాస్ స్టేషన్‌లో వాటా కొనవచ్చా?

ప్రశ్న: మేము పదిహేనేళ్లుగా ఫీనిక్స్‌లో ఉంటున్నాం. నాకు 44 ఏళ్లు. భార్యాభర్తలిద్దరం ఉద్యోగం చేస్తున్నాం. పెద్దబ్బాయి మూడేళ్లలో కాలేజీకి వెళ్తాడు. మా పెద్ద తోడల్లుడు, ఆయన స్నేహితులు ముగ్గురు కలిసి అరిజోనాలోని కింగ్‌మన్‌లో బీల్ స్ట్రీట్ సిగ్నల్ దగ్గరున్న ఒక గ్యాస్ స్టేషన్‌ను (పెట్రోలు బంకును), దాన్ని ఆనుకుని ఉన్న 18 గదుల మోటెల్‌ను కొంటున్నారు. నన్ను అయిదో భాగస్వామిగా రమ్మంటున్నారు. ధర 24 లక్షల డాలర్లు. తలా 1,20,000 పెట్టి, మిగిలిన 18 లక్షలకు ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాలకు అమెరికా ప్రభుత్వ సంస్థ పూచీతో బ్యాంకు ఇచ్చే) రుణం తీసుకోవాలని ఆలోచన. ఖర్చులు పోను ఏడాదికి 2,90,000 మిగులుతోందని అమ్మే ఆయన లెక్కలు చూపించారు. అక్కడ పాతకాలపు నియాన్ బోర్డు ఉంది, రూట్ 66 అనే పేరుపొందిన పాత రహదారిని చూడటానికి వచ్చినవాళ్లు ఆగి ఫొటోలు తీసుకుంటారు. ఊరి పడమర కొత్త ఇంటర్‌ఛేంజ్ (రెండు హైవేలను నేరుగా కలిపే కూడలి) కడుతున్నారు. ‘రోడ్డు వస్తే మంచిదేగా’ అంటున్నారు మా తోడల్లుడు. నాన్నగారు 2019లో పోయాక నా పేరున వచ్చిన గుంటూరు స్థలం అమ్మితే సుమారు 80,000 డాలర్లు వస్తాయి. మిగతా 40,000 నా 401(కె) (రిటైర్మెంటు పొదుపు ఖాతా) మీద అప్పు తీసుకుందామనుకుంటున్నాను. పెట్టవచ్చా?

జవాబు: ఈ ధరకు, ఈ పద్ధతిలో అయితే పెట్టకండి. తోడల్లుడి దగ్గర కాదనడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే కారణాలు వివరంగా రాస్తున్నాను. దీన్ని ఆయనకూ చూపించండి, ఆయన డబ్బు కూడా ఇందులో ఉంది.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ‘రోడ్డు వస్తే మంచిదేగా’ అన్న మాట. అది మన ఊళ్ల అనుభవం. బైపాస్ వేస్తున్నారని తెలియగానే దాని పక్క పొలం గజాల లెక్కన అమ్ముడుపోవడం మనం చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. మన దగ్గర ఆ రోడ్డు మీద నుంచి చాలాచోట్ల పక్కకు దిగవచ్చు, పక్కనే హోటలో టీకొట్టో పెట్టవచ్చు. అమెరికా ఇంటర్‌స్టేట్ హైవే అలాంటిది కాదు. ఎగ్జిట్ ఉన్నచోట తప్ప దిగే వీలు లేదు. ఎగ్జిట్ పక్కనున్న ఎకరానికి ఉన్న గిరాకీ రెండు ఎగ్జిట్ల మధ్య ఉన్న ఎకరానికి ఉండదు, రెండిటి మధ్యా ఒక్క మైలే దూరమైనా సరే.

ఇప్పుడు కింగ్‌మన్ సంగతి చూడండి. ఫీనిక్స్ నుంచి లాస్ వేగస్ వెళ్లేవాళ్లు యూఎస్ 93 హైవే మీద వచ్చి, కొంతదూరం ఐ-40 అనే ఇంటర్‌స్టేట్ మీద సాగి, బీల్ స్ట్రీట్ ఎగ్జిట్ దగ్గర దిగి, అక్కడి సిగ్నల్ దాటి మళ్లీ 93 అందుకోవాలి. తిరుగు ప్రయాణంలోనూ అంతే. సెలవు రోజుల్లో ఆ సిగ్నల్ దగ్గర ఎంతసేపు నిలబడాల్సి వస్తుందో ఫీనిక్స్‌లో ఉండే మీకు నేను చెప్పనక్కరలేదు. ఎటూ ఆగాం కదా అని పెట్రోలు పోయించుకుంటారు, పిల్లలకు ఏదో కొనిపెడతారు, చీకటి పడితే గది తీసుకుంటారు. మీరు కొనబోయే వ్యాపారం ఆ ఆగడం మీద నిలబడి ఉంది. రాష్ట్ర రవాణా శాఖ కడుతున్న కొత్త ఇంటర్‌ఛేంజ్ ఉద్దేశమే ఆ ఆగడాన్ని తీసేయడం. అది పూర్తయితే 93 నుంచి ఐ-40కి, ఐ-40 నుంచి 93కి సిగ్నల్ దగ్గర ఆగకుండానే వెళ్లిపోతారు. మీ తోడల్లుడు అనుకుంటున్నట్టు ఆ స్టేషన్ కొత్త దారి పక్కన లేదు. కొత్త దారి దేన్ని తప్పించడానికి పుట్టిందో సరిగ్గా అక్కడ ఉంది.

పరిహారం వస్తుందనే ఆశ కూడా పెట్టుకోకండి. మీ స్థలంలో ఒక ముక్క తీసుకుంటే ప్రభుత్వం దాని విలువ కడుతుంది. బండ్లు వేరే దారిన వెళ్లిపోయినందుకు మాత్రం సాధారణంగా ఏమీ ఇవ్వదు. రోడ్డు మీద పోయే జనం మీద దుకాణదారుకు హక్కు ఉండదన్నది ఈ దేశపు న్యాయస్థానాలు ఎప్పటినుంచో చెబుతున్న మాట.

ఆ ప్రాంతం ఈ దెబ్బను ముందే చవిచూసింది. కాలిఫోర్నియా వైపు మొహావి ఎడారిలో ఆంబాయ్ అనే చిన్న ఊరు ఉంది. రూట్ 66 మీద వెళ్లేవాళ్ల కోసం రాయ్ క్రౌల్ అనే ఆయన 1938లో అక్కడ ‘రాయ్స్’ పేరుతో పెట్రోలు, మరమ్మతుల దుకాణం తెరిచారు. తర్వాత ఆయన అల్లుడు బస్టర్ బరిస్‌తో కలిసి దానికి కేఫ్, మోటెల్ జతచేశారు. 1959లో 50 అడుగుల ఎత్తున బోర్డు లేచింది. చుట్టూ ఎడారి కావడంతో అది చాలా దూరం నుంచే కనపడుతుంది. ఆ దారిన వెళ్లినప్పుడు నేనూ దాని కింద నిలబడి ఫొటో తీసుకున్నాను. 1970ల మొదట్లో ఐ-40 పది మైళ్లకు పైగా ఉత్తరాన తెరుచుకుంది. బండ్లు అటు మళ్లాయి. బోర్డు చెక్కుచెదరలేదు, ఊరికి దాని పేరుతోనే గుర్తింపు కూడా మిగిలింది. వ్యాపారం మాత్రం పోయింది. 2005లో చికెన్ హోటళ్లు నడిపే ఆల్బర్ట్ ఒకురా ఊరు మొత్తాన్నీ 4,25,000 డాలర్లకు కొన్నారు. ఊరు మొత్తం ధర అండీ అది, ఒక్క స్టేషన్ ధర కాదు. ఆ బోర్డులో దీపాలు మళ్లీ వెలిగింది 2019 నవంబరులో.

పాత దారులన్నీ చచ్చిపోతాయని నేను అనడం లేదు. మీకు దగ్గర్లోనే ఉన్న సెలిగ్‌మన్‌ను 1978 సెప్టెంబరు 22న ఐ-40 తప్పించుకుపోయింది. అక్కడి మంగలి ఏంజెల్ డెల్గడియో పట్టువదలకుండా చుట్టుపక్కల వాళ్లను కూడగట్టి 1987లో అరిజోనా రూట్ 66 సంఘాన్ని నిలబెట్టారు. రాష్ట్రం చేత ఆ పాత రోడ్డును చారిత్రక మార్గంగా ప్రకటింపజేశారు. ఈరోజు అక్కడ పర్యాటకుల బస్సులు ఆగుతున్నాయంటే అది ఆయన చలవే. నాకు ఆయన మీద ఎంతో గౌరవం. కానీ మీరు ఈ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి: 1978, 1987. మధ్యలో తొమ్మిదేళ్లు. సొంత దుకాణం, సొంత ఇల్లు ఉండి అప్పు లేనివాళ్లు తొమ్మిదేళ్లు ఓర్చుకోగలరు. నెలనెలా బ్యాంకుకు కట్టాల్సినవాళ్లు తొమ్మిది నెలలు కూడా ఓర్చుకోలేరు. రూట్ 66 పుట్టింది 1926లో కాబట్టి నూరేళ్ల వేడుకల జనం వస్తారని అమ్మే ఆయన చెప్పి ఉంటారు. వస్తారు. మీ రుణం మాత్రం 25 ఏళ్లది.

ఇక అంకెలు. మీరు పంపిన కాగితాల ప్రకారం సరుకు కొన్న ఖర్చు పోను పెట్రోలు, దుకాణం, గదుల మీద కలిపి ఏడాదికి మిగిలేది 7,40,000 డాలర్లు. జీతాలు, కరెంటు, బీమా, ఆస్తి పన్ను, మరమ్మతులు 4,50,000. తేడా 2,90,000. పద్దెనిమిది లక్షల రుణానికి 10 శాతం వడ్డీ, 25 ఏళ్ల గడువు అనుకుంటే నెలకు సుమారు 16,360, ఏడాదికి 1,96,000 పైచిలుకు కట్టాలి. చేతిలో మిగిలేది 94,000. అయిదుగురికీ పంచితే తలా 18,800. పెట్టిన 1,20,000 మీద ఇది దాదాపు 16 శాతం. మీ అందరికీ ఆశ పుట్టింది ఈ అంకె చూసే. బ్యాంకుకూ నచ్చుతుంది, ఎందుకంటే బ్యాంకు చూసేది గడిచిన మూడేళ్ల పన్ను పత్రాలు. ఆ మూడేళ్లూ సిగ్నల్ ఉన్న ఏళ్లు.

ఖర్చులు అలాగే ఉండి ఆ 7,40,000లో 94,000 తగ్గితే మీకు మిగిలేది సున్నా. అంటే 13 శాతం కన్నా కాస్త తక్కువే. ఆగే వంద బండ్లలో పదమూడు ఆగకపోతే చాలు. నిజంగా 30 శాతం తగ్గితే 5,18,000 అవుతుంది. మనుషులను తగ్గించి ఖర్చును 4,10,000కు దించారనుకుందాం. మిగిలేది 1,08,000, బ్యాంకుకు కట్టాల్సింది 1,96,000. ఆ 88,000 లోటును అయిదుగురూ జేబులోంచి పూడ్చాలి. మీ అబ్బాయి కాలేజీ మొదటి ఏడాదిలో మీ వంతు 17,600 డాలర్లు.

దీనికన్నా పెద్ద ప్రమాదం వాటా శాతంలో దాగి ఉంది. ఎస్‌బీఏ రుణంలో 20 శాతం, అంతకు మించి వాటా ఉన్న ప్రతి యజమానీ సొంత పూచీ సంతకం పెట్టాలి. అయిదుగురూ సమానం కాబట్టి మీరు సరిగ్గా ఆ గీత మీద నిలబడ్డారు. ఆ పూచీ మీ అయిదో వంతుకు మాత్రమే అనుకోకండి, మొత్తం రుణానికి. ఒకరు ఉద్యోగం పోగొట్టుకుని, ఇంకొకరు ఇండియా వెళ్లిపోతే బ్యాంకు ఎవరి దగ్గర జీతం, ఇల్లు ఉందో వాళ్ల దగ్గరికి వస్తుంది. తోడల్లుళ్ల మధ్య మొదలైన వ్యాపారం అక్కాచెల్లెళ్ల మధ్య మాటలు లేకుండా చేయడం నా ఈ పనిలో చూశాను. దాదాపు ప్రతిసారీ ఎవరూ సరిగా చదవని పూచీ కాగితం దగ్గరే అది మొదలైంది.

401(కె)ను ముట్టుకోవద్దు. అప్పు తీసుకుంటే సాధారణంగా అయిదేళ్లలో జీతంలోంచి తీర్చాలి. మధ్యలో ఉద్యోగం మారినా, పోయినా మిగిలిన బాకీని ఆ ఏడాది పన్ను పత్రాల గడువులోగా సర్దాలి. సర్దలేకపోతే దాన్ని మీరు సొమ్ము వెనక్కి తీసుకున్నట్టుగా లెక్కించి పన్ను వేస్తారు, 59½ ఏళ్లు నిండలేదు కాబట్టి పైన 10 శాతం జరిమానా కూడా. నష్టం వస్తే జీతం మీది పన్నులో కలిసొస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. రోజువారీ నిర్వహణలో లేని భాగస్వామి నష్టాన్ని సాధారణంగా జీతంలోంచి తీసివేయనివ్వరు.

గుంటూరు స్థలం గురించి రెండు మాటలు. అమ్మాలనిపిస్తే అమ్మండి, కానీ ఈ కొనుగోలు గడువు తరుముతోందని అమ్మకండి. కొనేవాళ్లకు తొందర అర్థమైతే ధర తగ్గిస్తారు. మీరు ప్రవాసులు కాబట్టి కొనేవారు అమ్మకం మొత్తం మీద టీడీఎస్ కోయాల్సి ఉంటుంది. లాభం మీద మాత్రమే కోయడానికి ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే అనుమతి పత్రం తెచ్చుకోవచ్చు, దానికి వారాలు పడుతుంది. ఇండియాలో దీర్ఘకాలిక లాభం మీద పన్ను 12.5 శాతం, సర్‌చార్జీ, సెస్సు అదనం. అమెరికాలో మాత్రం వారసత్వ ఆస్తికి నాన్నగారు పోయిన రోజు మార్కెట్ విలువనే కొన్న ధరగా తీసుకుంటారు. కాబట్టి 2019 నాటి విలువకు గుర్తింపు ఉన్న వాల్యూయర్ చేత ఇప్పుడే నివేదిక రాయించి దాచుకోండి. స్థలం అమ్మినా అమ్మకపోయినా ఆ కాగితం పనికొస్తుంది.

మీ తోడల్లుడికి ఈ వ్యాపారం మీద మనసు గట్టిగా ఉంటే దానికి వేరే ధర కట్టమనండి. సిగ్నల్ లేకపోయినా ఆ స్థలానికి, కట్టడాలకు, ఊరివాళ్లు కొనే సరుకుకు ఎంత విలువ ఉంటుందో స్వతంత్ర మదింపుదారు చేత చెప్పించాలి. ఉదాహరణకు అది 9 లక్షలు అనుకుందాం. సిగ్నల్ ఇంకో రెండేళ్లు ఉంటుందనుకుని దానికి ఆ రెండేళ్ల ఆదాయం 5,80,000 కలిపితే 15 లక్షలకు కాస్త తక్కువ. ఆయన అడుగుతున్న 24 లక్షలకు, దీనికి మధ్య తేడా ఉందే, అది ఆయన అమ్మడానికి వీల్లేని వస్తువు ధర, అంటే రోడ్డు ధర. వ్యాపారం తగ్గదని ఆయనకు నిజంగా నమ్మకం ఉంటే ధరలో కొంత భాగాన్ని ఇప్పుడు తీసుకోకుండా, ఇంటర్‌ఛేంజ్ తెరిచిన రెండేళ్ల తర్వాత అమ్మకాలు నిలబడితేనే తీసుకునే ఒప్పందానికి రావాలి. ఒప్పుకుంటారో లేదో అడిగి చూడండి.

ఇంకో విషయం భూమి కింద ఉంది. పెట్రోలు ట్యాంకులు ఏ సంవత్సరంలో వేశారు, ఉక్కువా, ఫైబర్‌వా, లీకు పరీక్షల కాగితాలు ఉన్నాయా? పర్యావరణ పరిశీలన చేయించకుండా బయానా కూడా ఇవ్వవద్దు. కారిన పెట్రోలును శుభ్రం చేసే ఖర్చు కొత్త యజమాని మెడకు చుట్టుకుంటే మీ 1,20,000 ఏ మూలకూ రాదు.

బంధుత్వం కోసం ఎంతో కొంత పెట్టక తప్పదంటే 30,000 దాటకండి. ఆరు లక్షల పెట్టుబడిలో అది 5 శాతం. పూచీ సంతకం ఉండదని, తర్వాత అదనపు సొమ్ము అడగరని భాగస్వామ్య పత్రంలో రాయించుకోండి. అది కూడా ధర తగ్గాకే, మీ ఇంటి ఆరు నెలల ఖర్చు, అబ్బాయి మొదటి రెండేళ్ల ఫీజు పక్కన పెట్టాకే. తోడల్లుడికి మాత్రం ‘అన్నయ్యా, ధర ఇలా కుదిరితే ఇంతవరకు వస్తాను, పూచీ మాత్రం పెట్టలేను’ అని ఈ వారంలోనే చెప్పేయండి. చివరి నిమిషంలో వెనక్కి తగ్గితే ఆయన ఇచ్చిన బయానా ఇరుకున పడుతుంది.

ఈలోగా మీరిద్దరూ ఒక శుక్రవారం సాయంత్రం, ఒక మంగళవారం మధ్యాహ్నం ఆ స్టేషన్ ఎదుట నాలుగేసి గంటలు కూర్చోండి. నెవాడా, కాలిఫోర్నియా నంబరు పలకలు ఎన్ని, అరిజోనావి ఎన్ని రాసుకోండి. అరిజోనా బండ్లలోనూ ఊరివాళ్లెవరో, ఫీనిక్స్ నుంచి వచ్చినవాళ్లెవరో పలకరిస్తే తెలుస్తుంది. బోర్డు దగ్గర ఫొటో తీసుకున్నవాళ్లలో ఎంతమంది లోపలికి వెళ్లి ఏదైనా కొన్నారో కూడా లెక్కపెట్టండి. గత 36 నెలల్లో నెలవారీగా ఎన్ని గ్యాలన్లు అమ్ముడుపోయాయో సరఫరా కంపెనీ బిల్లులతో సహా ఇమ్మని అమ్మే ఆయన్ను అడగండి. ఆ రెండు లెక్కలూ చేతికి వచ్చాక మళ్లీ రాయండి, మీకు, మీ తోడల్లుడికి కలిపి జవాబు ఇస్తాను.