18 నిండబోతున్న అబ్బాయికి ఏ పని ముందు నేర్పాలి?

ప్రశ్న: మా బాబుకు 17 ఏళ్లు, డౌన్ సిండ్రోమ్. పనులన్నీ నేనే చేసిపెడతాను. వచ్చే ఏడాదికి 18 వస్తాయంటే టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: రైస్ కుక్కర్‌తో మొదలుపెట్టండమ్మా. చివరి మెట్టు ముందు నేర్పండి. బియ్యం కడిగి, నీళ్లు పోసి, మూత మీరే పెట్టండి. స్విచ్ మాత్రం బాబు నొక్కాలి. అది అలవాటయ్యాక మూత, తర్వాత నీళ్లు, ఆపైన బియ్యం కడగడం. ఇలా వెనక నుంచి వస్తే రోజూ అన్నం వండింది వాడే అవుతాడు. నీళ్లు ఒలికితే తుడవడం కూడా వాడి పనే, మీరు పరుగెత్తకండి! స్నానం, బట్టలు మడవడం కూడా ఇంతే.

18 నిండాక చట్టం ప్రకారం వాడు పెద్దవాడు. గార్డియన్‌షిప్, అంటే వాడి తరఫున నిర్ణయాలు తీసుకునే చట్టపరమైన బాధ్యత, అవసరమనిపిస్తే నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయి కమిటీకి దరఖాస్తు చేయాలి. అందులో కలెక్టర్ ఉంటారు. నన్నడిగితే, ఈలోపు వాడికి సంతకం నేర్పండి.