బాతు ముక్కుతోంది, తోలుగుడ్లు పెడుతోంది: ఏం చూడాలి, ఏం పెట్టాలి

మీ ఆరు నెలల ఖాకీ క్యాంప్‌బెల్ జాతి బాతు పెట్టల్లో కొన్ని తోలుగుడ్లు (గట్టి పెంకు లేని మెత్తటి గుడ్లు) పెడుతున్నాయని, ఒకటి మాత్రం నిన్నటి నుంచి మూలన చేరి ముక్కుతోందని రాశారు. ముందు ఆ ముక్కేదాన్ని చూడండి. తోలుగుడ్ల సంగతి రేపు చూసుకోవచ్చు.

తోక పైకీ కిందకీ ఆడిస్తూ, మేత ముట్టకుండా, నీళ్లలోకి దిగకుండా ఉంటే లోపల గుడ్డు ఇరుక్కుందనే అనుకోండి. పొట్ట కింద, తోక వైపు మెత్తగా తడిమితే గట్టిగా తగులుతుంది. తోలుగుడ్డయితే తగలకపోవచ్చు, అంతమాత్రాన వదిలెయ్యకండి. గోరువెచ్చని నీళ్ల టబ్బులో పొట్ట మునిగేలా ఓ అరగంట కూర్చోబెట్టి, ఒళ్లు తుడిచి, వెచ్చగా చీకటిగా ఉన్నచోట వదలండి. మా ఇంట్లో ఇలా చేశాక పెట్టేసినవి ఉన్నాయి. మీది నిన్నటి నుంచీ ఉందంటున్నారు కాబట్టి సాయంత్రం దాకా ఆగకుండా పశువుల డాక్టరుకి చూపించండి. క్యాల్షియం ఇంజెక్షనుకే చాలావరకు దారికొస్తాయి. పొట్ట నొక్కి గుడ్డు బయటికి తోసే ప్రయత్నం మాత్రం వద్దు. లోపల పగిలితే పెంకు కోసేస్తుంది, సొన కడుపులోకి జారితే చీము పడుతుంది.

ఇక తోలుగుడ్లు. మాది కైకలూరు వైపు. కోతలయ్యాక కొల్లేటి చుట్టుపక్కల పొలాల్లో తిరిగే మందలకి ఎవరూ క్యాల్షియం మందు పొయ్యరు, అయినా పెంకులు గట్టిగానే ఉంటాయి. రోజంతా నత్తలూ గుల్లలూ మింగుతాయి మరి! పెరటి బాతుకి మనం వేసేది తవుడు, నూకలు. తవుడులో భాస్వరం దండిగా ఉంటుంది, క్యాల్షియం దాదాపు లేనట్టే. ఒక్కో గుడ్డుకి పెంకు కట్టడానికి 20 గంటల దాకా పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రే. అప్పుడు కడుపులో సున్నం, అంటే క్యాల్షియం, లేకపోతే బాతు తన ఎముకల్లోంచి లాగుతుంది. కొన్నాళ్లకి అదీ తరిగి పెంకు పలచబడుతుంది, గుడ్డు తోసే కండరానికి బలం చాలదు. మీ రెండు సమస్యలకీ మూలం ఇదొక్కటే అయ్యుండొచ్చు.

అందుకే సాయంత్రం మేతప్పుడు ఆల్చిప్పలో నత్తగుల్లలో పెసరగింజంత ముక్కలుగా దంచి వేరే గిన్నెలో పెట్టండి. పొడి తొందరగా బయటికి పోతుంది, ముక్కలైతే కందనకాయలో నిలిచి రాత్రంతా కరుగుతాయి. మేతలో కలపొద్దు: పోతులకీ (మగ బాతులకీ) పిల్లలకీ అంత సున్నం అక్కర్లేదు, ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. పెట్టల వరకు తవుడు తగ్గించి లేయర్ మేత, అంటే గుడ్లు పెట్టే కోళ్లకి వేసే మేత, కలిపినా మంచిదే. దుకాణంలో అంటగట్టే టానిక్కుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

వానాకాలంలో వేరుశనగ చెక్క, మొక్కజొన్న ముక్కిపోయిన వాసనొస్తే పారేయండి. బూజు విషాన్ని కోడి కొంత తట్టుకుంటుంది, బాతు తట్టుకోదు. కాలేయం పాడై, గుడ్లు తగ్గి, చివరికి చస్తుంది.

కొన్ని అసలు పెట్టడమే లేదన్నారు. తెల్లారగానే వదిలేస్తున్నారా? బాతులు తెల్లవారుజామునే పెడతాయి, ఆలస్యమైనవి చెరువులోనో గట్టు మీదో వదిలేస్తాయి. తొమ్మిదింటి దాకా ఊక పరిచిన కొట్టంలోనే ఉంచి లెక్కపెట్టండి. చలికాలంలో మన దగ్గర పగటి నిడివి 11 గంటలకి తగ్గిపోతుంది, వెలుతురు తగ్గితే గుడ్లు తగ్గడం మామూలే. ఈకలు రాలుస్తున్నా అంతే. అలా కాకుండా మందంతా ఒక్కసారిగా ఆపేసి, పచ్చగా పారుతూ ఒకటీ అరా చస్తుంటే బాతు ప్లేగనే అంటురోగమేమోనని వెంటనే డాక్టరుకి చెప్పండి. రెండు మూడు నెలల వయసులో దీనికి టీకా వేయించాలి.

పోతులు ఎన్నున్నాయో రాయలేదు. ఆరేడు పెట్టలకి ఒకటి చాలు. ఎక్కువైతే ఎక్కి ఎక్కి పెట్టల్ని గాయపరుస్తాయి. ముక్కుతున్నదాన్ని మాత్రం అది తేరుకునేదాకా వాటి దగ్గరికి పోనివ్వకండి.