నార బాడీ కారుకు నంబరు వస్తుందా?

ప్రశ్న: మేం విశాఖపట్నంలో ముగ్గురు మిత్రులం కలిసి షెడ్డు నడుపుతున్నాం. విజయనగరం వైపు నుంచి తెచ్చిన గోగునారతో గుడ్డ నేయించి, ఎపాక్సీతో (ఆరితే గట్టిపడే జిగురు లాంటి రెసిన్) తడిపి, అచ్చులో పేర్చి స్పోర్ట్స్ కారు బాడీ చేశాం. పాత కారు బాడీ తీసేసి, దాని ఛాసిస్ మీద దీన్ని బిగించాం. ఇలాంటివి పది చేసి అమ్మాలని ఆలోచన. ‘నంబరు మేమే చేయించి ఇస్తాం’ అని చెప్పి ఇద్దరి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాం. చట్టపరంగా చిక్కులున్నాయా?

జవాబు: ఉన్నాయి. అయితే అవి గోగునార వల్ల వచ్చినవి కావు. మోటారు వాహనాల చట్టం, 1988 ముందు అడిగేది వేరు: మీరు చేసింది పాత కారుకు మార్పా, కొత్త కారా?

పాత కారే అంటే 52వ సెక్షన్ అడ్డు వస్తుంది. తయారీదారు మొదట చెప్పిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. రంగు మార్చడం వేరు, బాడీ మొత్తం మార్చడం వేరు. అనుమతి లేని మార్పుకు 182ఎ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ప్రమాదం జరిగితే బీమా సంస్థ మొదట పట్టుకునేదీ ఈ మార్పునే.

కొత్త కారు అంటారా? అప్పుడు మీరు తయారీదారులు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 126వ నిబంధన ప్రకారం నమూనా వాహనాన్ని పుణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి సంస్థ పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వాలి. బ్రేకులు, ఉద్గారాలు, ఢీకొట్టే పరీక్షలు అన్నీ అందులోకి వస్తాయి. ముగ్గురు మనుషుల షెడ్డుకు ఈ ఖర్చు తలకు మించినదే.

నేనైతే మూడో దారి చూస్తాను. 2019లో పోర్షే కంపెనీ తన 718 కేమన్ జీటీ4 క్లబ్‌స్పోర్ట్ కారుకు తలుపులు, వెనుక రెక్క సహజ నారల మిశ్రమంతో చేసింది. అది రోడ్డు కారు కాదు, పూర్తిగా రేసు కారు. మన చట్టంలో 39వ సెక్షన్ బహిరంగ స్థలంలోనే కాదు, మరే చోట నడిపినా మోటారు వాహనానికి రిజిస్ట్రేషన్ కోరుతుంది; అయితే మూసి ఉన్న ఆవరణలో మాత్రమే వాడేలా చేసిన ప్రత్యేక రకం వాహనం 2(28) సెక్షన్ ప్రకారం ‘మోటారు వాహనం’ కిందకు రాదు. ప్రైవేటు ట్రాక్ కోసమే కారు రూపొందించి, అక్కడికి లారీ మీద తీసుకెళితే నంబరు అక్కర్లేదని వాదించే వీలుంటుంది. షెడ్డు నుంచి బీచ్ రోడ్డు దాకా ‘ఒక్కసారి’ నడిపి చూద్దామన్న సరదా మాత్రం మానుకోండి.

ప్రకటనలో ‘పూర్తిగా మొక్కల కారు’ అని రాయకండి. నార మొక్కదే, మామూలు ఎపాక్సీ పెట్రోలియం నుంచి వస్తుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద పది లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. పర్యావరణం పేరిట చేసే ప్రచారంపై 2024లో ప్రత్యేక మార్గదర్శకాలు కూడా వచ్చాయి.

ఇక అడ్వాన్సు సంగతి. నాకు ఎక్కువ భయం కలిగించింది ఇదే. 182ఎ ప్రకారం నిబంధనలకు విరుద్ధమైన వాహనాన్ని తయారీదారు అమ్మడమే కాదు, అమ్ముతానని ముందుకు రావడమూ నేరమే. శిక్ష ఏడాది వరకు జైలు, లేదా వాహనానికి లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. లోపం ఎక్కడుందో ఎదుటి వ్యక్తికి ముందే తెలియజేసినట్లు రుజువు చేస్తే శిక్ష పడదని అదే సెక్షన్ అంటుంది. మీరు తెలియజేయకపోగా నంబరు ఇప్పిస్తామని మాట ఇచ్చారు. ఈ వారమే ఆ ఇద్దరికీ స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయండి: ఈ కారుకు రోడ్డు రిజిస్ట్రేషన్ రాదు, ట్రాక్ కారుగా కావాలంటే కొత్త ఒప్పందం, వద్దంటే డబ్బు వాపసు. రసీదులు దాచి ఉంచండి.