హైదరాబాద్‌లో బరువు తగ్గించే క్లినిక్‌ని నమ్మొచ్చో లేదో ఎలా తెలుసుకోవాలి?

కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా ‘నెలలో పది కిలోలు’ బోర్డులే. మెషీన్లు కాదు, ముందు డాక్టర్ని చూడండి. రిజిస్ట్రేషన్ నంబరు అడిగి తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో సరిచూసుకోండి. డాక్టర్ కనబడకుండానే ‘కౌన్సెలర్’ గారు ప్యాకేజీ, ఈఎంఐ మొదలుపెడితే లేచి వచ్చేయడమే.

సరైన డాక్టరైతే థైరాయిడ్, షుగర్, లివర్ పరీక్షలు చూస్తారు, మీరు వాడే మందులన్నీ అడుగుతారు. ఆకలి తగ్గించి బరువు దింపే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు ప్రిస్క్రిప్షన్ మీదే వాడాలి. మీకుగానీ మీ రక్తసంబంధీకులకుగానీ మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ (థైరాయిడ్ క్యాన్సర్‌లో ఒక అరుదైన రకం) వచ్చి ఉంటే అవి వాడకూడదు. ఆ సంగతి అడగకుండానే సూది రాసేచోట నేనైతే ఆగను. ఇంజెక్షన్ మానేశాక బరువు మళ్లీ పెరగొచ్చని ముందే చెప్పారా? అయితే రెండోసారి వెళ్లొచ్చు. ఫ్యాట్ ఫ్రీజింగ్ (చర్మం కింది కొవ్వును మెషీన్‌తో చల్లబరచడం) అంటారా, అది ఒంటి కొలత తగ్గించేదే, బరువు కాదు.