పింఛను కోసమే ముసలివాళ్లను చూసుకుంటారా?

"పేదల వాడల్లో ముసలివాళ్లను ఇంట్లోవాళ్లే చూసుకుంటారు, ప్రేమతోనా, పింఛను కోసమా?" అని అడిగారు. రెండూ కాదండి. మాది విజయవాడలో కొండ మీద ఇల్లు. మా నానమ్మకీ అమ్మకీ ఏనాడూ పడలేదు, కూరలో ఉప్పు దగ్గర్నుంచి గొడవే. అయినా చివరిదాకా చూసింది అమ్మే. అమ్మ తెల్లారకముందే పాచిపనికి వెళ్లిపోతే మమ్మల్ని లేపి, జడలేసి, బడికి దింపింది నానమ్మ మరి. ఆ లెక్క అమ్మ మర్చిపోలేదు.

ఒక వానాకాలం నానమ్మ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. 108 వచ్చింది గానీ కింద రోడ్డు దగ్గరే ఆగాలి, పైకి దారేది? ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పాత చీరతో కట్టేసి, ముందు నాన్న, వెనక పక్కింటి అన్న పట్టుకుని దింపారు. మలుపు దగ్గర కుర్చీ తిరగదు, అక్కడివాళ్లు వానలోనే నీళ్ల డ్రమ్ములు పక్కకి లాగారు. నానమ్మ ఊరుకుంటేగా! "నేనేమన్నా ఇసుక మూటనట్రా, మెల్లగా దించండి" అని దారంతా తిట్లు. సాయానికి రమ్మని ఎవర్నీ పిలవలేదు మేము. రేపు వాళ్ల ముసలామెనీ ఆ మెట్ల మీంచే దించాలి, అందరికీ తెలుసు.

తర్వాత ఆవిడ మంచం దిగలేదు. పింఛను 2024 జూలై నుంచి నాలుగు వేలైంది, నిజమే, కానీ నానమ్మ కోసం అమ్మ మానేసిన ఇళ్ల జీతమే అంతకన్నా ఎక్కువ. పైగా అరిగిన వేళ్లకి వేలిముద్ర పడక అదో టెన్షన్. పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గరికి వెళ్లొచ్చని 2007లో చట్టం వచ్చిందిగా అంటారు. సెంట్రింగ్ పని చేసే కొడుకు మీద కేసు పెట్టి ఏం రాబట్టుకుంటారు? ఒకే గదిలో అందరం పడుకునేవాళ్లం, ముసలామెని వేరే పెట్టడానికి ఇంకో గది ఉంటే కదా.

కుటుంబం చూసుకుంటుంది అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మలమూత్రాలు ఎత్తింది అమ్మ ఒక్కతే. నాన్న మందులు తెచ్చేవాడు, అంతే. హైదరాబాద్‌లో ఉండే బాబాయి వీడియో కాల్ చేసి "అమ్మకి బాదంపప్పు నానబెట్టి పెడుతున్నావా వదినా" అనేవాడు. సంక్రాంతికి వచ్చి మా అమ్మకి పట్టుచీర పెట్టాడు. దాని బదులు డైపర్లు తెచ్చినా పనికొచ్చేవి.