మాస్టారిని అడగండి: నేల మీద జాకు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. 1979లో జపాన్‌లో మొదలైన ‘మొబైల్ సూట్ గండమ్’ కార్టూన్ ధారావాహికలో, భూమి ప్రభుత్వంతో పోరాడే జియాన్ అనే అంతరిక్ష రాజ్యపు సైన్యానికి జాకు అనే భారీ మరమనిషి ఉంటుంది. అంతరిక్షంలో పోరాడేది ఎఫ్ రకం, భూమి మీద పోరాడేది జె రకం. జె అంటే ఎఫ్‌లోంచి నాలుగు సామాన్లు పీకేసిందే కదా, దానికి వేరే పేరు ఎందుకని స్నేహితుడితో పందెం కాశాను. ఇంకొక సంగతి, అలాంటిది నిజంగా ఉంటే మన స్వర్ణముఖి ఇసుకలో కూరుకుపోదా?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, తిరుపతి

జవాబు: పందెం ఓడిపోయావు, నాయనా. పీకేసిన మాట నిజమే. శూన్యంలో అటూ ఇటూ ఎగరడానికి మోసే సరంజామా నేల మీద దండగ బరువు కనుక తీసేశారు. అయితే అసలు మార్పు చల్లబరిచే ఏర్పాటులో ఉంది. ఫ్లాస్కులో కాఫీ గంటల తరబడి ఎందుకు వేడిగా ఉంటుంది? రెండు గోడల మధ్య గాలి లేదు కాబట్టి. అంతరిక్షంలో యంత్రానికీ అదే గతి. వేడి కిరణాల రూపంలోనే బయటికి పోవాలి. భూమి మీద చుట్టూ కావలసినంత గాలి ఉంది. జె రకం ఆ గాలితోనే చల్లబడుతుంది. దాన్ని తిరిగి అంతరిక్షానికి పంపితే కొరగాదు. అందుకే అది వేరే రకం.

దాని కొలువు ఏడాది కూడా సాగలేదు. కథలోని 0079వ సంవత్సరం మార్చి 1న జియాన్ సేన భూమి మీదకు దిగింది. కాలిఫోర్నియా స్థావరాన్ని పట్టుకుని అక్కడే జాకులు తయారు చేసుకుంది. నవంబరులో, తాను పట్టుకున్న ఒడెస్సా స్థావరం చేజారింది. అదే నెల 30న భూమి సేనల ప్రధాన స్థావరమైన జబూరో మీదికి పోయి చావుదెబ్బ తింది. నన్నడిగితే యంత్రానిది తప్పు లేదు. అంత పెద్ద భూగోళాన్ని అంత చిన్న సైన్యంతో పట్టుకోవాలనుకున్న దొరలదే తప్పు. నేల కోసమే పుట్టిన గుఫ్ అనే తర్వాతి యంత్రానికి పునాది ఈ జె రకమే.

ఇక ఇసుక. మా మనవడి దగ్గర 144వ వంతు బొమ్మ ఉంది. 17.5 మీటర్ల మనిషి అందులో 12 సెంటీమీటర్లకు దిగాడు. స్కేలు పెట్టి కొలిస్తే పాదం సుమారు 3 సెంటీమీటర్ల పొడవు, 2 వెడల్పు. అంటే అసలు పాదం 12 చదరపు మీటర్ల పైమాటే. మన ఇళ్లలో ఒక పడకగది అంత! బరువు 70 టన్నులనుకుని ఒంటికాలి మీద నిలబెట్టినా చదరపు సెంటీమీటరుకు అర కిలో పైన పడుతుంది, అంతే. యుద్ధ ట్యాంకు ఇంతకంటే ఎక్కువే నొక్కుతుంది. కాబట్టి ఊరికే నిలబడితే కూరుకుపోదు. పరుగెత్తితే మాత్రం లెక్క తప్పుతుంది, ఎందుకంటే అడుగు పడ్డప్పుడల్లా తాకిడి బరువుకు ఎన్నో రెట్లు అవుతుంది. పైగా స్వర్ణముఖి సన్న ఇసుక మోకాలి కీళ్లలో దూరిందంటే, సాయంత్రం వాటిని విప్పి కడిగే మెకానిక్కులు నిన్నూ నన్నూ కలిపి తిడతారు.