డీబీఎస్ చేయిస్తే నాన్నగారి పార్కిన్సన్స్ తగ్గుతుందా?

నాన్నగారికి 66 ఏళ్లు, పదేళ్లుగా పార్కిన్సన్స్, సిండోపా వేసినా రెండు గంటల్లో దిగిపోతోంది, డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, అంటే మెదడు లోతుకు సన్నని తీగలు దింపి బ్యాటరీతో కరెంటు పంపే వైద్యం) చేయించాలా, ఖర్చెంత, బ్యాటరీ ఎన్నాళ్లొస్తుంది అని అడిగారు. బ్యాటరీ సంగతి తర్వాత. ముందు లెవోడోపా (సిండోపాలో ఉండే అసలు మందు) పరీక్ష చేశారా, ఎన్ని మార్కులు వచ్చాయి?

రాత్రి మాత్ర తర్వాత 12 గంటలు మందు ఆపి, పొద్దున్నే వణుకు, బిగువు, నడక, వేళ్ల కదలికలకు మార్కులు వేస్తారు. తర్వాత మామూలు ఉదయం మోతాదుకన్నా కాస్త ఎక్కువే ఇచ్చి, మందు ఎక్కాక మళ్లీ వేస్తారు. సుమారు మూడో వంతైనా మెరుగు కనిపించాలి. ఇది డాక్టరు ఎదుటే జరగాలి, ఇంట్లో మీరే మందు ఆపకండి. మాత్ర చేయలేని పని సాధారణంగా తీగా చేయలేదు. వణుకు ఒక్కటే మినహాయింపు, అది మాత్రకు లొంగకపోయినా తీగకు లొంగుతుంది. మందు బాగా పట్టిన వేళలో కూడా పడిపోతున్నా, కాళ్లు నేలకు అతుక్కుపోతున్నా ఆపరేషన్‌తో అవి పోవు. మాట ఇంకా ముద్దగా మారొచ్చు.

ఈ వైద్యం ఎలా పుట్టిందో తెలిస్తే దాని హద్దులూ తెలుస్తాయి. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో న్యూరోసర్జన్ అలీమ్ లూయీ బెనబిద్ వణుకు తగ్గించడానికి మెదడు లోతున ఉండే థాలమస్‌లో చిన్న చోటును కాల్చబోతున్నారు. కాల్చేముందు చోటు సరైనదో కాదో చూడటానికి సూదిలోంచి కరెంటు పంపుతారు. ఆయన వేగం మార్చి మార్చి చూశారు. సెకనుకు 100 సార్ల దగ్గరికి రాగానే వణుకు ఆగింది. కరెంటు తీస్తే మళ్లీ మొదలైంది. కాల్చింది మళ్లీ రాదు, కరెంటునైతే తగ్గించుకోవచ్చు, ఆపుకోవచ్చు! 1990లో అమెరికాలో మాలన్ డిలాంగ్ బృందం కోతుల్లో థాలమస్ కింద ఉండే సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌ను దెబ్బతీస్తే పార్కిన్సన్స్ లక్షణాలు తగ్గుతాయని చూపింది. 1993లో బెనబిద్ బృందం మనుషుల్లో తీగను అక్కడికి చేర్చింది. నేటికీ సెకనుకు 130 సార్లు (130 హెర్ట్జ్), ఒక్కోసారి 60 మైక్రోసెకన్ల పాటు కరెంటు పంపడంతోనే మొదలుపెడతారు.

ఆ న్యూక్లియస్ చిన్న చిక్కుడు గింజంత. తీగ మందం 1.27 మిల్లీమీటర్లు. రెండు మిల్లీమీటర్లు బయటికి జరిగితే మూతి లాగేస్తుంది, మాట తడబడుతుంది. లోపలికి జరిగితే చూపు పక్కకు పోతుంది. వెనక్కి పోతే తిమ్మిరి వదలదు. చాలాచోట్ల రోగిని మెలకువగా ఉంచి మాట్లాడించేది ఇందుకే. పుర్రె రంధ్రంలోంచి ద్రవం కారితే మెదడు కిందికి జారి గురి తప్పుతుంది. మెదడులో రక్తస్రావం ముప్పు నూటికి ఒకటి రెండు.

ఆపరేషన్ తర్వాత కరెంటు పెట్టకుండానే కొన్నాళ్లు బాగుంటుంది. అది తీగ దిగిన చోట వాపు వల్ల. వాపు తగ్గగానే లక్షణాలు తిరిగొస్తాయి, కంగారు పడొద్దు. అసలు పని అప్పుడే మొదలు: నెలల తరబడి కరెంటు సర్దుతూ మాత్రలు తగ్గించడం. ప్యాకేజీ చెప్పేవాళ్లు యంత్రం పేరు పదిసార్లు చెబుతారు, ఈ ప్రోగ్రామింగ్ ఎవరు చేస్తారో, ఎన్నిసార్లు రావాలో చెప్పరు. ఇది చాలా అన్యాయం. డబ్బు కట్టకముందే రాయించుకోండి.

బ్యాటరీ మామూలుదైతే మూడు నుంచి ఐదేళ్లు, చార్జింగుదైతే ఇంకా చాలా ఎక్కువ. ఇంకొకటి, మోకాలి నొప్పికైనా సరే ఫిజియోథెరపీలో డయాథెర్మీ (యంత్రంతో ఒంటి లోపల వేడి పుట్టించే చికిత్స) పెట్టనివ్వకండి. తీగ కొస వేడెక్కి మెదడు కాలిపోతుంది, ప్రాణమే పోవచ్చు.